కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు

అప్పుడే స్నానం చేయించి నిలబెట్టిన పిల్లాడిలా కంప్యూటరు తళతళలాడుతోంది. పాత చెత్త ఒక్కటీ లేదు. తెర నిండా నీలం రంగు, ఓ మూల చెత్తబుట్ట బొమ్మ, అంతే. ఇంటర్నెట్టు కూడా లేదు. కింద కుడి పక్కన చిన్న భూగోళం బొమ్మ, దాని మీద అడ్డంగా ఓ గీత. ఆ గీత వంక ప్రెస్సాయన పొద్దుట్నుంచీ గుడ్లప్పగించి చూస్తున్నాడు.

ప్రెస్సాయన అన్నది వీధి పెట్టిన పేరు. అతను అచ్చుకి ప్లేట్లు తీసిన ప్రింటింగు ప్రెస్సు మూతపడి చాలా కాలమైంది. ఆ షెడ్డులో ఇప్పుడు పరుపులమ్ముతున్నారు. పేరు మాత్రం మూతపడలేదు. పాలవాడు, కొట్టువాడు, ఎదురింటి ముసలాయన, అందరూ అలాగే పిలుస్తారు. పిలిచినప్పుడల్లా పోయినవాడి పేరెవరో తీసినట్టుంటుంది అతనికి. పలుకుతాడు, పలక్కపోతే ఇంకేమని పిలుస్తారు?

పక్క గదిలో భార్య నిద్రపోతోంది. ఆమె ఉద్యోగం ఇంట్లోనే, ఈ బల్ల ముందే. ఎక్కడెక్కడి ఆస్పత్రుల్లోనో డాక్టర్లు రోగిని చూసి, ఫలానా నొప్పి, ఫలానా మందు అని నోటితో చెప్పి రికార్డు చేస్తారు. అది చెవిలో పెట్టుకుని విని, ఉన్నదున్నట్టు టైపు కొట్టి పంపాలి. మధ్యాహ్నం రెండింటికల్లా లాగిన్ కావాలి. షిఫ్టు అయ్యేసరికి ఊరు నిద్రపోతుంది గనుక మధ్యాహ్నానికి గానీ లేవదు.

నిన్న షిఫ్టు మధ్యలో కంప్యూటరు మొరాయించింది. లోపలి ఫ్యాను గుర్రుమనడం, తెర బిగుసుకుపోవడం, ఆపి మళ్లీ వేసేసరికి లాగిన్ తెగిపోవడం. సూపర్‌వైజరు ఫోను చేశాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"మీ పనికి వంక లేదమ్మా. కానీ ఈ నెల్లో ఇది ఎన్నోసారో మీకే తెలుసు. రేపు కూడా టైముకి రాకపోతే మీ సీటు ఇంకొకరికిచ్చేస్తారు. నా చేతుల్లో లేదు."

ఇంట్లోకొచ్చే జీతం అదొక్కటే. ఆమె పళ్లెంలో చెయ్యి కడిగేసి లేచింది. "నేను చూస్తాలే మిషన్ సంగతి," అన్నాడు ప్రెస్సాయన. ఆమె దుప్పటి కప్పుకుంటూ, "మీరేం ముట్టుకోకండి, లేచాక తమ్ముణ్ని పిలుస్తా," అంది.

కసిరి అన్న మాట కాదు. బాగా అలసిపోయిన మనిషి తలుపు వేసుకుంటున్నట్టు అంది. కానీ ఆ మాటే అతని చేత ఈ పని చేయించింది. ఆ ఇంట్లో మీట నొక్కితే వెలిగేది ఏదైనా సరే, ఆమె తమ్ముడి చెయ్యి పడాల్సిందే. ఫ్యాను ఆగినా తమ్ముడే, గీజరు మాడినా తమ్ముడే. బావ అన్నవాడు స్టూలు పట్టుకుని నిలబడాలి. తెల్లారీ తెల్లారకముందే లేచి, ఫోన్లో వీడియో పెట్టుకుని, పాత సరుకంతా తుడిచి కొత్త విండోస్ ఎక్కించేశాడు. వీడియోలో కుర్రాడు ఫ్రెండ్స్, ఫ్రెండ్స్ అంటూ మాట మాటకీ స్నేహం కలుపుతూ చెప్పాడు, ఇతను చేశాడు. భార్య ఫైళ్లు మాత్రం ముందే పెన్‌డ్రైవులోకి తీసి పెట్టాడు. ఒకటికి రెండుసార్లు చూసుకోవడం ప్రెస్సు నేర్పిన బుద్ధి. ఆమె ఆఫీసు పనంతా బ్రౌజర్లోనే గనుక వేరే ఎక్కించాల్సిందేమీ లేదు. ఎక్కించడం కూడా సాఫీగానే అయింది. అప్పుడు కనపడింది ఆ భూగోళం.

కంప్యూటరు వెనకాల వేలిగోరంత వైఫై ముక్క ఒకటి గుచ్చి ఉంటుంది. దాన్ని కొత్త విండోస్ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాలంటే దాని డ్రైవరు ఎక్కించాలి, డ్రైవరు ఇంటర్నెట్లో ఉంటుంది, ఇంటర్నెట్టుకి వెళ్లాలంటే ఆ ముక్క పని చెయ్యాలి. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నవాడి బతుకైంది.

కాసేపు బుర్ర గోక్కుని, చివరికి తన ఫోన్నే వైరుతో కంప్యూటరుకి తగిలించి, ఫోను డేటాతో డ్రైవరు దించాడు. మొదటిసారి వేరే కంపెనీది దించాడు. రెండోసారి సరైనది దొరికింది. ముక్క మీద పచ్చలైటు వెలిగింది. అతని మొహం కూడా కొంచెం వెలిగింది. ఈలోగా కొత్త విండోస్ ఎవరినీ అడక్కుండా తన అప్‌డేట్లన్నీ అదే వైరు మీద లాగేసుకుంది. ఫోనుకి మెసేజొచ్చింది: ఈరోజు డేటా అయిపోయింది.

"తిను," అన్నాడు కంప్యూటరుతో. "నువ్వొక్కదానివే తక్కువ."

డేటా పోతే పోయింది, వైఫై ఉందిగా. డేటా ఉన్నప్పుడే చూసి పెట్టుకున్న ఇంకో వీడియో గుర్తుంది, విండోస్ వేశాక చెయ్యాల్సిన పనులని. అందులో, ఈ స్విచ్చి ఆన్ చేస్తే మీ మిషన్ అసలు నంబరు ఏ వైఫైకీ తెలీదు, మీరెవరో ఎవరికీ తెలీదు అని చెప్పారు. అది నచ్చింది అతనికి. ప్రెస్సు ఓనరు భుజం మీద చెయ్యేసి, "నువ్వుండగా ప్రెస్సెక్కడికి పోతుందయ్యా," అన్న వారానికే గేటుకి తాళం పడింది. ఆ తర్వాత తలుపు గడియ వేసి, వేశానా లేదా అని మళ్లీ లాగి చూసుకునే మనిషయ్యాడు. ఎవరికీ ఏమీ తెలియకపోవడమే మంచిదని స్విచ్చి నొక్కేశాడు. తర్వాత ఇంటి వైఫై ఎంచుకుని, పాస్‌వర్డు కొట్టి, ఊపిరి బిగబట్టి చూశాడు.

భూగోళం పోయింది. విసనకర్ర బొమ్మ వచ్చింది. దాని పక్కన చిన్న అక్షరాల్లో:

కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు.

ఈ మాట అతనికి కొత్త కాదు. పాత రూటరు తీసి ఈ కొత్తది బిగించిన దగ్గర్నుంచీ అతని ఫోను వైఫైకి కలిపినప్పుడల్లా చెప్పేది ఇదే. "మీ ఫోను పాతదండీ, ఈ కొత్త వైఫై దానికి అందదు," అని భార్య ఎప్పుడో చెప్పింది. సర్లెమ్మని, చిన్న డేటా ప్యాకు వేసుకుని, పొదుపుగా నెట్టుకొస్తున్నాడు. మరి నిన్నటిదాకా పని చేసిన కంప్యూటరు రాత్రికి రాత్రి ముసలిదైపోయిందా?

రూటరు ఆపి వేశాడు. వైరు పీకి గుచ్చాడు. తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో చూశాడు. సమస్యను వెతికిపెట్టే మీట నొక్కితే అది చుక్కలు చుక్కలుగా చాలాసేపు ఆలోచించి, ఏ సమస్యా దొరకలేదంది. ఇంటర్నెట్టు కంపెనీకి ఫోను చేశాడు. ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, మీ కాల్ మాకెంతో విలువైనదని చెప్పి సన్నాయి పాట వినిపించింది. చివరికి ఓ అమ్మాయి దొరికింది.

"సర్, ఇక్కణ్నుంచి చూస్తే మీ లైను బానే ఉంది సర్. ప్రాబ్లం మీ సిస్టంలో ఉంది సర్."

"సిస్టం కొత్తగా వేశానమ్మా."

"అందుకే సర్," అందా అమ్మాయి.

పిల్లిలా గదిలోకి వెళ్లి భార్య దిండు పక్కనున్న ఆమె ఫోను తీసి చూశాడు. అందులో ఇంటర్నెట్టు పరుగులు పెడుతోంది. లైను బాగుంది, ఆమె ఫోను బాగుంది. చెడింది తను చెయ్యి పెట్టినదొక్కటే. గోడ గడియారం వంక చూడాలనిపించలేదు. చూశాడు. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చేసింది.

బావమరిదికి ఫోను చేస్తే ఎత్తలేదు. పెద్ద బజారులో రంగుల కొట్టుకి కెమెరాలు బిగిస్తున్నానని నిన్న అక్కతో అంటుంటే విన్నాడు. వండినవి మూతలు పెట్టి, చెప్పులేసుకుని బయల్దేరాడు.

బావమరిదికి, అతనికి గొడవంటూ ఏమీ లేదు. ఉంటే అరిచి తేల్చుకునేవాళ్లు. ప్రెస్సు పోయిన కొత్తలో, ఊరికే కూచునే బదులు నాతో రా బావా, వైర్లు లాగుదువు గానీ అని పిలిచాడు. కొన్నాళ్లు వెళ్లాడు. ఓ రోజు ఎవరింట్లోనో పది మంది ముందు, "అలా కాదు బావా, ఎన్నిసార్లు చెప్పాలి," అని చేతిలోంచి వైరు లాక్కున్నాడు. మర్నాడు ఒంట్లో బాలేదన్నాడు ప్రెస్సాయన. ఆ ఒంట్లో బాలేకపోవడం ఇప్పటికీ తగ్గలేదు.

రంగుల కొట్టు ముందు నిచ్చెన. నిచ్చెన మీద బావమరిది. చేతిలో డ్రిల్లు, నోట్లో స్క్రూలు. కొట్టు ఓనరు లోపల చిన్న టీవీ ముందు కూచుని కెమెరాలో ఏం కనపడుతోందో చూస్తున్నాడు. ప్రెస్సాయన నిచ్చెన కింద నిలబడి తలెత్తాడు. ఆ టీవీలో, పైనుంచి తీసిన బొమ్మలో, నడినెత్తిన జుట్టు పల్చబడిన ఓ మనిషి నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. తనేనని తెలియడానికి క్షణం పట్టింది.

"ఏంటి బావా, దారి తప్పావా?" అన్నాడు బావమరిది స్క్రూలు పక్కదవడకి నెట్టి.

"ఫోనెత్తవేం?"

"రెండు చేతులూ గోడ మీదున్నాయి. మూడోది మా అమ్మ ఇవ్వలేదు."

"మీ అక్క మిషన్‌కి విండోస్ మళ్లీ వేశాను."

డ్రిల్లు ఆగింది. "ఎవరు?"

"నేనే. ఎవరంటావేంటి?"

"ఎవర్నడిగి?"

"నా ఇంట్లో మిషన్‌కి నేనెవర్నడగాలోయ్?"

"సర్లే. అక్క ఫైళ్లు?"

"తీసి పెట్టాను. అన్నీ ఉన్నాయి."

"పర్లేదే," అన్నాడు బావమరిది. నిజంగానే అన్నాడో, ఎత్తిపొడిచాడో కిందనుంచి తెలీలేదు. "మరింకేం?"

"నెట్ రావట్లేదు. రెండింటికల్లా లాగిన్ కాకపోతే సీటు పోతుందంట. నువ్వోసారి వచ్చి..."

"నేనిప్పుడు దిగితే ఈయన నన్ను ఈ నిచ్చెనకే కట్టేస్తాడు. ఏమంటోంది మిషన్, అది చెప్పు."

"కనెక్ట్ అయిందంటుంది, ఇంటర్నెట్ లేదంటుంది. అచ్చం నా ఫోనుకి మల్లే."

బావమరిది నోట్లోంచి స్క్రూలు ఒక్కొక్కటీ తీసి జేబులో వేసుకున్నాడు. నిదానంగా ఓ మెట్టు దిగాడు.

"వైఫై ముక్క పాతదేనా, మార్చావా?"

"పాతదే."

"అయితే ఏదో స్విచ్చి నొక్కావు. మిషన్ నంబరు దాచిపెట్టేదేమైనా?"

"వీడియోలో ఉన్నవన్నీ నొక్కాను."

"అయిపోయింది," అన్నాడు బావమరిది. "చూడు బావా, ప్రతి మిషన్‌కీ పుట్టుకతో ఓ నంబరుంటుంది. మీ రూటరు ఆ నంబరు చూసే లోపలికి పంపిస్తుంది. నువ్వేమో ఆ మిషన్‌కి ముసుగేశావు. మనింటిదే అని తెలీక గుమ్మంలోనే నిలబెట్టేసింది. వెళ్లి ఆ స్విచ్చి ఆపెయ్. వైఫైని ఓసారి మర్చిపొమ్మని చెప్పి, మళ్లీ పాస్‌వర్డు కొట్టి కలుపు. అంతే. ఐదు నిమిషాల పని."

అంతేనా అనిపించింది. వెనక్కి తిరిగాడు కూడా. రెండడుగులేసి ఆగాడు.

"నా ఫోనుకి ముసుగేం లేదే."

బావమరిది డ్రిల్లు బిట్టు మార్చే పనిలో పడ్డాడు. మార్చాల్సిన అవసరమేమీ ఉన్నట్టు లేదు.

"కెమెరా ఎటు చూస్తోందయ్యా? నాకు గోడ కనపడుతోంది," అని లోపల్నుంచి ఓనరు కేకేశాడు.

"తిప్పుతున్నా సార్," అని బావమరిది, తిప్పకుండానే, "ఇంటికెళ్లు బావా, టైమవుతోంది," అన్నాడు.

"నా ఫోను సంగతి చెప్పు."

బావమరిది కొత్త బిట్టు బిగించాడు. తర్వాత గోడ వైపు చూస్తూ చెప్పేశాడు. "అక్క ఫోను, అక్క మిషనే వెళ్తాయి. మిగతావి కలిసినట్టే ఉంటాయి, నెట్ రాదు. నేనే అలా పెట్టాను."

"నా ఫోను పాతదన్నారు."

"పాతదేలే. కానీ అందుకు కాదు."

"ఎందుకు మరి?"

"అక్క పెట్టమంది. నువ్వు రోజంతా వీడియోలు చూస్తుంటే దాని లైను తెగిపోయేది. నీకు చెబితే బాధపడతావని..." ఆగిపోయాడు. "నన్ను తిట్టుకో బావా. దాన్నేమీ అనకు ఇవాళ."

"నిన్ను తిట్టడమెందుకు," అన్నాడు ప్రెస్సాయన. "పైనున్నావు. పడతావు."

బజారు చివర టీ కొట్టు బల్ల మీద కూలబడ్డాడు. టీ చెప్పాడో, వాడే తెచ్చిచ్చాడో గుర్తులేదు. ఇల్లు అక్కడికి దగ్గరే. ఐదు నిమిషాల పని. లేవలేదు.

తన ఇంటి గుమ్మంలో తన ఫోను ఇన్నాళ్లు నిలబడి ఉంది. పైగా కనెక్ట్ అయిందని మర్యాదగా చెబుతూ వచ్చింది. తను నమ్మాడు. ప్రెస్సు ఓనరు మాట నమ్మినట్టే నమ్మాడు. అందరి దగ్గరా గడియలు వేసుకుని కూచున్నాడు గానీ, గడియ తన మీదే పడిందని తెలీలేదు. అక్కాతమ్ముళ్లు ఎక్కడ కూచుని మాట్లాడుకుని ఉంటారు? వంటగదిలోనా? తను అప్పుడు స్టూలు పట్టుకుని నిలబడి ఉన్నాడా? వింటున్నవాడెవడూ లేకపోయినా చెవులు వేడెక్కాయి.

ఫోను మోగింది. భార్య. లేచిందన్నమాట. మోగనిచ్చాడు. ఆగింది. మళ్లీ మోగింది. బల్ల మీద బోర్లా పెట్టాడు. ఆలస్యమైతే ఏమవుతుంది? సీటు పోతుంది. పోనీ. ఇంట్లో ఇద్దరూ ఖాళీగా కూచుంటారు, అప్పుడు తెలుస్తుంది ఖాళీగా కూచోవడమంటే ఏంటో. నాకు తెలీలేదు, మీ తమ్ముణ్ని పిలుచుకో అంటే సరిపోతుంది. ఎవరూ తప్పు పట్టరు. తన మీద ఎవరికీ అంతకంటే ఆశ లేదు కూడా.

టీ తాగాడు. తియ్యగా ఉందో చేదుగా ఉందో నోటికి తెలీలేదు. మూడోసారి మోగినప్పుడు చెయ్యి దానంతటదే వెళ్లింది.

"ఎక్కడున్నారండీ? మిషన్ అంతా ఖాళీగా ఉంది. నావన్నీ ఏవి?"

అతను ఖాళీ టీ గ్లాసు పక్కకి జరిపాడు.

"వింటున్నారా? తమ్ముడు ఫోనెత్తట్లేదు. నెట్ రావట్లేదు." తిడుతుందనుకున్నాడు. తిట్టుంటే ఇంకో టీ చెప్పేవాడు. ఆమె గొంతు తగ్గించి, "రెండవుతోందండీ," అంది. అంతే.

లేచాడు. మంచితనంతో లేచాడని అనడానికి లేదు. ఆ గొంతు విన్నాక కూచోవడం చేతకాలేదు, అంతే. దారి పొడుగునా తనను తను తిట్టుకుంటూనే నడిచాడు. సగం దూరం తర్వాత నడక పరుగైంది. ఈ వయసులో ఎండన పడి పరిగెత్తే మనిషిని చూసి పరుపుల షెడ్డు కుర్రాళ్లు, "ప్రెస్సాయనా, ఎవరికి పురుడు?" అని కేకేశారు. మీ పరుపుకి, అందామనుకున్నాడు. ఊపిరి చాల్లేదు.

ఆమె బల్ల ముందు నిలబడి ఉంది. నిద్ర మొహం, ముడి వెయ్యని జుట్టు, మెడలో హెడ్‌ఫోన్లు. ఫోన్లో సూపర్‌వైజరుతో, "అవుతోంది సార్, ఒక్క నిమిషం సార్, మా ఆయన చూస్తున్నారు సార్," అంటోంది. మా ఆయన అప్పటికి గుమ్మం బయట చెప్పులు విడుస్తున్నాడు. అతన్ని చూసి ఏమీ అనకుండా కుర్చీ జరిపింది.

కూచుని మౌసు పట్టుకుంటే అరచెయ్యి చెమటకి జారింది. చొక్కాకి తుడుచుకున్నాడు. సెట్టింగులు. నెట్‌వర్కు. వైఫై. అదిగో స్విచ్చి, తను నొక్కినదే, నీలంగా వెలుగుతోంది. ఆపాడు. వైఫైని మర్చిపొమ్మన్నాడు. మళ్లీ ఎంచుకుని పాస్‌వర్డు కొట్టాడు. తప్పంది. వెనకాల ఆమె గట్టిగా ఊపిరి పీల్చడం వినపడింది. ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ మళ్లీ కొట్టాడు. విసనకర్ర బొమ్మ ఒకసారి మెరిసింది. ఆగింది. కనెక్ట్ అయింది. దాని తర్వాత ఈసారి ఇంకేమీ లేదు.

"లేవండి, లేవండి," అందామె. అతను పూర్తిగా లేవకముందే కుర్చీలో కూచుంది. బ్రౌజరు తెరిచి, ఆఫీసు పేజీ కొట్టి, తన పేరూ పాస్‌వర్డూ చూడకుండానే కొట్టేసింది. పేజీ తెల్లగా తిరిగి తిరిగి తెరుచుకుంది. పైన చిన్న పచ్చచుక్క వెలిగింది.

"వచ్చాను సార్," అంది ఫోన్లో. అవతలాయన ఏదో గొణిగాడు. "అలాగే సార్. ఇంకెప్పుడూ ఉండదు సార్." ఫోను బల్ల మీద పెట్టేసి, రెండు చేతులతో మొహం రుద్దుకుంది.

అతను వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు.

"మీ తమ్ముడు చెప్పాడు," అన్నాడు.

"ఏమని?"

"నా ఫోను ముసలిది కాదని."

ఆమె చేతులు మొహం మీదే ఆగిపోయాయి. మెల్లగా దించింది. వెనక్కి తిరగలేదు. తెర మీద మొదటి రికార్డింగు వచ్చి ఎదురుచూస్తోంది.

"నాతో చెప్పొచ్చుగా," అన్నాడు.

"చెప్పాను."

"ఎప్పుడు?"

"ప్రెస్సు పోయిన కొత్తలో. మీరు పొద్దస్తమానం ఆ వీడియోలే. నాకిక్కడ డాక్టరు గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చేది. కుడి మోకాలన్నాడో ఎడమ మోకాలన్నాడో తెలీక తప్పు కొట్టి తిట్లు తిన్నా. మీ వల్ల నాకు సరిగ్గా వినపడట్లేదండీ అన్నా. మీరు సౌండు తగ్గించారు."

గుర్తొచ్చింది. నిజమే, తగ్గించాడు. తగ్గించి, భార్య ఉద్యోగానికి తను అడ్డు కాకుండా సర్దుకుపోతున్నానని లోపల్లోపల కొంచెం గర్వపడ్డాడు కూడా.

"మళ్లీ చెప్పా," అంది. "మీరు ఇయర్‌ఫోన్లు కొనుక్కొచ్చారు."

అతనికి నవ్వొచ్చినంత పనైంది. రాలేదు. "సౌండు కాదు, ఆపెయ్యండి అనాల్సింది."

"ఎలా అనను?" ఇప్పుడు కుర్చీ తిప్పింది. "మీరు చూసేదేంటో నాకు తెలీదా? అన్నీ ప్రెస్సులే. ఎక్కడో ఏదో దేశంలో మిషన్ తిరుగుతుంటే మీ చెయ్యి మోకాలి మీద దాంతోపాటు ఆడేది. మీకు తెలుసో లేదో. దాన్ని ఆపమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తమ్ముడికి చెప్పా."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అది అందుకోవడం లేదు. మళ్లీ తంతున్నారు.

"వాడికిప్పుడే మెసేజి పెడతా," అందామె. "మీ ఫోను కూడా కలిపేస్తాడు."

"షిఫ్టయ్యాక చూద్దాంలే."

"కోపమా?"

"కోపానికి ఓపికుండాలి. అన్నం తిన్నావా?"

"ఎక్కడ తిన్నాను?"

"తెస్తానుండు."

ఆమె ఇంకేదో అనబోయి, తెర మీద గడియారం చూసుకుని హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుంది. అతను పళ్లెంలో అన్నం కలిపి, చెంచా వేసి తెచ్చి కీబోర్డు పక్కన పెట్టేసరికి ఆమె వేళ్లు టపటపా పరిగెడుతున్నాయి. ఒక్క చేత్తో చెంచా అందుకుని, తినకుండా పట్టుకుని, కళ్లు మూసుకుని ఎవరిదో కడుపునొప్పి వింటోంది.

బయటి గదిలోకొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. కుర్చీలో వాలేసరికి నడుం పట్టేసినట్టుంది. పొద్దుట్నుంచీ తను ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. లేచి పెట్టుకునే శక్తి లేదు. ఫోను మోగింది. బావమరిది.

"వచ్చిందా బావా?"

"వచ్చింది."

"అక్క?"

"పనిలో ఉంది."

"ఏమైనా అన్నావా?"

"నీకెందుకు?"

"సరే. అక్క మెసేజి పెట్టింది. నీ ఫోను నంబరు చెప్పు, సాయంత్రం వచ్చి కలిపేస్తా. నేను ఫోను చేసే నంబరు కాదు, దానికి పుట్టుకతో వచ్చిన నంబరు. సెట్టింగుల్లో అన్నిటికంటే కింద ఉంటుంది చూడు."

ఫోను చెవి దగ్గర్నుంచి తీసి వెతికాడు. కళ్లద్దాలు లేక సరిగ్గా కనపడలేదు, ఫోను దూరంగా జరిపి చూశాడు. ఉంది. అంకెలూ అక్షరాలూ కలిసిపోయి, మధ్య మధ్య రెండేసి చుక్కలు. ఇన్నేళ్లూ జేబులో మోస్తున్నాడు, ఎప్పుడూ చూడలేదు.

"దొరికిందా?"

"దొరికింది. ఒరేయ్, ఇది కలిపితే మీ అక్క లైను సరిపోతుందా?"

అవతల డ్రిల్లు శబ్దం కాసేపు వినపడి ఆగింది. "నువ్వు వీడియోలు చూస్తే సరిపోదు బావా. నిజం చెబుతున్నా."

"చూడకపోతే?"

"చూడకపోతే ఇంక కలపడమెందుకు?"

తలుపు సందులోంచి టైపు చప్పుడు ఆగకుండా వస్తోంది. ప్రెస్సాయన కాసేపు విన్నాడు.

"అదీ నిజమే," అన్నాడు. "అయినా రాసుకో."

లోపలికి వినపడకుండా గొంతు తగ్గించి, ఒక్కో అక్షరమే చదవడం మొదలుపెట్టాడు.